ఊకపొయ్యి చుట్టూ ముగ్గుపిండి

రత్నకుమారి పాలు పోయించుకునేటప్పుడు గిన్నెలోకి చూడదు, పోసే మనిషి మొహంలోకి చూస్తుంది. గుండుగొలనుకి దిగువన, కొల్లేటి వైపు పోయే దారిలో ఉన్న ఆ ఊరికి ఆవిడ కోడలుగా వచ్చి నలభై నాలుగేళ్ళయింది. ఈ నలభై నాలుగేళ్ళలో ఆవిడ కన్నుగప్పి ఆ ఇంట్లోంచి చెంచాడు నూనె బయటికి పోలేదు. నూనె సీసా మీద పెన్సిలు గీత ఉంటుంది. చింతపండు జాడీ మెడకి దారం ఉంటుంది. బీరువా తలుపు సందులో తల వెంట్రుక ఉంటుంది. వెంట్రుక కింద పడిందంటే ఎవరో తలుపు తీశారన్నమాట. ఆ తీసిందెవరో తేలేదాకా ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగేది కాదు.

భర్త బతికున్న రోజుల్లో నవ్వేవాడు. "గుళ్ళో ప్రసాదం పెట్టినా మా ఆవిడ వాసన చూసిగానీ నోట్లో వేసుకోదండి" అని అరుగు మీద కూర్చున్నవాళ్ళకి చెప్పేవాడు. ఆయన నవ్వినా ఊరు మాత్రం ఆ అనుమానానికి దణ్ణం పెట్టింది. ఒకసారి ఆవిడ ఎరువుల బస్తా ఓ మూల పట్టి ఎత్తి చూసి, "ఇది తూకం లేదండీ" అంది. కాటా వేయిస్తే నిజంగానే రెండు కేజీలు తక్కువ తేలింది. అప్పటినుంచి ఊళ్ళో ఎవరు గేదెను బేరమాడినా, పెళ్ళికి పట్టుచీరలు కొన్నా, "ఓసారి రత్నకుమారిగారిని తీసుకెళ్దామండి" అనడం మామూలైపోయింది. అనుమానం పెనుభూతం అంటారు. ఆవిడకి మాత్రం అది నలుగురిలో పరువు తెచ్చిపెట్టింది.

ఇంట్లో ఇప్పుడు ఉండేది నలుగురు. కొడుకు రాజేష్ నాలుగెకరాల వరి చూసుకుంటూ, ఖాళీ రోజుల్లో పెదవేగి వైపు పామాయిలు తోటలకి ట్రాక్టరు తోలుతాడు. పొద్దున పోతే దీపాలవేళకి వస్తాడు. కోడలు అఖిలది తాడేపల్లిగూడెం, వాళ్ళ నాన్న నాగేశ్వరరావుగారికి అక్కడ ఉల్లిపాయల కొట్టు ఉంది. మూడేళ్ళ మనవరాలు సాయిప్రియ. ఈ నలుగురి మధ్యా గొడవ పెట్టింది గ్యాసు పొయ్యి.

మొదటిసారి శివరాత్రి వెళ్ళిన వారానికి జరిగింది. రత్నకుమారి పెరట్లో వడియాలు ఎండబెట్టి లోపలికి వచ్చేసరికి వంటింట్లో గుప్పుమని గ్యాసు వాసన కొట్టింది. పొయ్యి వెలగడం లేదు. ఎడంవైపు నాబ్ మాత్రం తిప్పి ఉంది. గబగబా కట్టేసి కిటికీలు తీసింది. "చూసుకోవాలమ్మా" అని కోడలితో మెత్తగానే అంది. ఉగాది ముందురోజు మళ్ళీ అదే జరిగింది. ఈసారి మాట అంత మెత్తగా రాలేదు. కోడలికి ఫోను పిచ్చి ఎక్కువైందనీ, మనసు పనిమీద లేదనీ ఆవిడకి అప్పుడే రూఢి అయిపోయింది. సిలిండరు ఎప్పటికంటే ముందే అయిపోవడం కూడా అఖిల ఖాతాలోనే పడింది.

మూడోసారి సాయిప్రియ వంటింటి గుమ్మంలో కూర్చుని ప్లాస్టిక్ బొమ్మకి స్నానం చేయిస్తోంది. దాని వెనకాల పొయ్యి మీంచి గ్యాసు బుస్సుమని పోతోంది. రత్నకుమారి పిల్లని చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తి పెట్టిన కేకకి పక్కింటి వెంకటలక్ష్మితో సహా పదిమంది పోగయ్యారు.

"నేను కట్టేశానండీ అత్తయ్యగారూ. కట్టేసి చూసుకునే వచ్చానండి" అంది అఖిల, మొహం పాలిపోయి.

"అయితే దెయ్యం వచ్చి తిప్పిందా? చేతిలో ఫోనుంటే పొయ్యి ఎక్కడ గుర్తుంటుందమ్మా నీకు. ఏదో ఓ రోజు నా మనవరాలిని నిలువునా కాల్చేస్తావు."

పదిమందిలో ఆ మాట అనేసింది. అఖిల లోపలికెళ్ళి నాబ్ కట్టేసి, కిటికీలు తీసింది. సాయంత్రం రాజేష్ వచ్చి, సగం విని, పెళ్ళాన్ని రెండు మాటలు తనూ అన్నాడు. నిజానికి ఆ వంటింట్లో ఇద్దరి చెయ్యీ ఆడేది. పొద్దున టిఫినూ కూరా అఖిలవి, కాఫీ, పాలు కాయడం, మధ్యలో వేణ్ణీళ్ళు రత్నకుమారివి. కానీ ఊరందరి దొంగతనాలూ పట్టుకునే మనిషిని ఎవరు అనుమానిస్తారు? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని పెద్దలు ఊరికే అనలేదు. రత్నకుమారి అబద్ధమాడిందని కాదు. తను అన్న ప్రతి మాటా ఆవిడ మనస్ఫూర్తిగా నమ్మింది.

మర్నాడు పొద్దున్నే కొడుకుతో చెప్పేసింది. "ఆ గ్యాసు దగ్గర నేను అడుగుపెట్టను. నా కాఫీ, నా అన్నం పెరట్లో వండుకుంటాను."

"కరెంటు పొయ్యి కొంటానే అమ్మా."

"కరెంటుని ఎవడు నమ్ముతాడ్రా? పోయిందంటే ఎప్పుడొస్తుందో వేసేవాడికే తెలీదు."

"పొయ్యి వేరు పెట్టావంటే ఊళ్ళో ఏమనుకుంటారే?"

"ఇల్లు పేలిపోతే ఏమనుకుంటారో ముందు అది ఆలోచించు."

రాజేష్ భయం అర్థం లేనిది కాదు. ఆ ప్రాంతంలో అన్నదమ్ములు విడిపోతే ముందు విడేది పొలం గట్లు కాదు, పొయ్యి. ఒక కప్పు కింద రెండో పొయ్యి వెలిగిందంటే ఆ ఇల్లు రెండైందనే లెక్క. అది తెలిసీ రత్నకుమారి పంతం వదల్లేదు. పైగా ఏం పొయ్యి చెయ్యాలో రాత్రే నిర్ణయించుకుంది.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటి అంచున ఉండేది. వేసవిలో సరస్సు వెనక్కి తగ్గినప్పుడు లోపలి పొలాల్లో వరి వేసేవారు. వాళ్ళ నాన్న నెల్లాళ్ళు అక్కడే మకాం ఉండేవాడు. తాటిదోనెలో బియ్యం మూట, చాప, ఓ డబ్బా పొయ్యి వేసుకుని పోయేవాడు. అక్కడ కట్టెలు దొరకవు, గాలి ఆగదు. మిల్లు ఊక కూరిన ఆ డబ్బా మాత్రం ఎంత గాలిలోనైనా బుద్ధిగా మండేది. పదేళ్ళ రత్నకుమారి ఓ వేసవంతా నాన్నతో పాటు వెళ్ళి ఆ పొయ్యి మీదే వండిపెట్టింది. యాభై ఏళ్ళ నాటి ఆ పొయ్యి ఆవిడ చేతుల్లో ఇంకా అలాగే ఉంది.

రోడ్డు మీద టిఫిన్ హోటల్లో పదిహేను కేజీల ఖాళీ నూనె డబ్బా దొరికింది. ముందు దాన్ని వాసన చూసింది. కిరసనాయిలు పోసి ఉంటారేమోనని హోటలాయన్ని మూడుసార్లు అడిగింది. నీళ్ళు నింపి, గంటసేపు గచ్చుమీద పెట్టి, అతుకు దగ్గర చెమ్మ లేదని తేలాకే ఇంటికి తెచ్చుకుంది. ఉలి, సుత్తి పుచ్చుకుని పైమూత కోసేసింది. అంచులు చెయ్యి తెగకుండా లోపలికి మడిచి కొట్టింది. ముందువైపు అడుక్కి నాలుగు వేళ్ళ ఎత్తున, పిడికిలి పట్టేంత కన్నం పెట్టింది. గిన్నె ఆనడానికి కాళ్ళు కావాలి. రాజేష్ ట్రాక్టరు షెడ్డులో అరిగిపోయి పడున్న రోటావేటరు బ్లేడ్లు మూడు ఏరుకొచ్చింది. అవి సహజంగానే వంకర తిరిగి ఉంటాయి, బోల్టు కన్నాలు కూడా ఉంటాయి. డబ్బాకి మూడు పక్కలా బోల్టులు బిగిస్తే వంపులు మూడూ లోపలికి తిరిగి చక్కగా కూర్చున్నాయి. పొలం దున్నిన ఇనుము ఇప్పుడు అన్నం గిన్నె మోస్తుందని ఆవిడకి కాస్త గర్వం కూడా కలిగింది.

లోపలి గోడలకి బంకమట్టి, తరిగిన గడ్డి, పేడ కలిపి వేలెడు మందాన మెత్తింది. రెండు రోజులు నీడలో ఆరబెట్టి, మూడో రోజు ఎండ చూపించింది. పట్టుకోడానికి పాత సైకిలు బ్రేకు తీగె వంచి, చెయ్యి కాలకుండా దానికి నీళ్ళ పైపు ముక్క తొడిగింది. ఇక కావలసింది ఒక గాజు సీసా. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, కింది కన్నంలోంచి దాని అడుగుదాకా ఓ గుండ్రటి కర్ర దూర్చి, చుట్టూ ఊక దట్టించి కూరాలి. తరవాత సీసా పైకి, కర్ర బయటికి లాగేస్తే మంటకి దారి మిగులుతుంది. అంత పొడుగు సీసా ఇంట్లో లేదు. కొల్లేటి రోడ్డు పక్కన తాగి పారేసిన బీరు సీసాలు బోలెడు. చీరకొంగుతో పట్టుకుని ఒకటి తెచ్చి, చింతపండుతో తోమి, ఎండలో పెట్టింది. ఆవిడ చేతిలో బీరు సీసా చూసిన వెంకటలక్ష్మి రెండు రోజులపాటు ఎవరినీ ఏమీ అడగలేక సతమతమైంది.

"ఊక ఒక్కటే కూరితే కూలిపోతుందమ్మాయ్, రెండు పాళ్ళు ఊక, ఒక పాలు రంపపు పొట్టు" అనేవాడు నాన్న. అలాగే కలిపి, పిడికిలితో గుద్ది గుద్ది కూరింది. ఊపిరి బిగపట్టి సీసా మెల్లగా తిప్పుతూ పైకి లాగింది. గోడ కూలలేదు. కింది కన్నంలో కాగితం ముక్క పెట్టి అంటించింది. కాసేపు పొగ కమ్మింది, ఆ తరవాత మధ్య గొట్టంలోంచి ఎర్రటి వెలుగు సన్నగా లేచి, పొగ పోయి, చప్పుడు లేకుండా మండడం మొదలెట్టింది. కాఫీ కాగింది, అన్నం ఉడికింది, పప్పు పొంగింది, ఇంకా రెండు బిందెల నీళ్ళు కాగాయి. ఊక అయిపోగానే మంట దానంతటదే తగ్గిపోయి, డబ్బాలో నల్ల బూడిద మిగిలింది. దీనికి కట్టెయ్యడమంటూ లేదు.

ఊరంతా వచ్చి చూసింది. "ఎక్కడికైనా పట్టుకెళ్ళిపోవచ్చు కదండీ. కార్తీకమాసం వనభోజనాలకి నాక్కూడా ఒకటి చేసిపెట్టాలి వదినగారూ" అంది వెంకటలక్ష్మి. ఎదురుగా అంత మెచ్చుకుని, వీధి మలుపు తిరగ్గానే వేరే మాట అనుకున్నారు. కుండకు మూకుడుంది గానీ లోకానికి మూకుడు లేదు. అత్తాకోడళ్ళు పొయ్యిలు వేరు పెట్టారనే కబురు నాలుగు రోజుల్లో గూడెం ఉల్లిపాయల కొట్టుకి చేరింది. నాగేశ్వరరావుగారు ఫోన్ చేసి, ఆదివారం వచ్చి కూతుర్నీ మనవరాలినీ కొన్నాళ్ళు తీసుకెళ్తానన్నారు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆయనా చెప్పలేదు, రాజేషూ అడగలేదు.

సాయిప్రియ వెళ్ళిపోతుందనేసరికి రత్నకుమారి గుండెలో ఏదో జారింది. కానీ పైకి, "పిల్లకి ప్రాణాపాయం లేని చోట ఉంటే మంచిదేగా" అంది. ఆవిడ పెరట్లోకి మారాక ఇంట్లో మళ్ళీ గ్యాసు వాసన రాలేదు. చూశారా, తిడితే జాగ్రత్త అదే వస్తుంది అనుకుంది.

అంతలో ఆవిడ పొయ్యికే ఎసరొచ్చింది. ఓ రోజు పొద్దున్నే సాయంత్రానికని ఊక కూరి పెట్టుకుంది. సాయంత్రం అన్నం పెడదామని వెళ్తే డబ్బా నిండా బూడిద. ఎవరో వెలిగించి, దాని మీద ఏదీ పెట్టకుండా, ఊరికే కాలనిచ్చారు. అరగంట కష్టపడి గుద్దిన ఊక అది. రెండు రోజులు పోయాక మళ్ళీ అంతే. ఈసారి పక్కన నీళ్ళ గిన్నె కూడా ఉంది, నిండా చన్నీళ్ళతో. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఇంకెవరు, కోడలే. తన మీద కక్ష ఈ పొయ్యి మీద తీర్చుకుంటోంది. అడిగితే ఒప్పుకోదు. నోటితో అడిగే రోజులు పోయాయి, పట్టుకుని చూపించాలి.

బుధవారం మధ్యాహ్నం ఊక కూరి, దాని చుట్టూ ఆరడుగుల మేర నేల ఊడ్చి, జల్లెడ పట్టి పల్చగా ముగ్గుపిండి చల్లింది. పెరటి గుమ్మందాకా చల్లుకుంటూ వెనక్కి నడిచింది. పిల్లి నడిచినా గుర్తు పడాల్సిందే. ఆ తరవాత లోపలికెళ్ళి, కాసేపు నడుం వాల్చింది. అఖిల పిల్లని పక్కనేసుకుని ముందుగదిలో పడుకుని ఉంది.

నాలుగింటికి వచ్చి చూస్తే పొయ్యి మళ్ళీ బూడిదై ఉంది. ముగ్గుపిండి నిండా పాదాలు.

రత్నకుమారికి ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది, దొరికిందని. వంగి చూసింది. పెరటి గుమ్మంలోంచి పొయ్యిదాకా వెళ్ళి, అక్కడ గొంతుకూర్చుని, మళ్ళీ గుమ్మంలోకి వచ్చిన పాదాలు. కుడిపాదానికి నాలుగే వేళ్ళు. చిటికెన వేలుండాల్సిన చోట ముగ్గుపిండి చెక్కు చెదరలేదు. పెళ్ళైన కొత్తలో కోతలకి దిగినప్పుడు కొడవలి తగిలి ఆ వేలు పోయింది. ఆ ఇంట్లోనే కాదు, ఆ వీధిలోనే అలాంటి పాదం ఇంకొకటి లేదు.

ఆవిడ తన కాలు ఆ గుర్తు మీద పెట్టి చూసుకుంది. సరిపోయింది. అప్పటికీ నమ్మబుద్ధి కాక చుట్టూ తిరిగి ఇంకో జత కోసం వెతికింది. చెయ్యి ఆన్చిన గుర్తు, కాగితం మసి, అన్నీ ఉన్నాయి. వేరే మనిషి అడుగు లేదు. పడుకుని లేచి వచ్చి, కాఫీ పెట్టుకుందామని వెలిగించి ఉంటుంది. ఆ తరవాత ఏమైందో, ఎప్పుడు లోపలికి వెళ్ళిందో, అసలు లేచానా అన్నదే ఆవిడకి గుర్తులేదు. ఎంత తవ్వినా అక్కడ ఏమీ లేదు.

గచ్చుమీద కూలబడింది. గ్యాసు పొయ్యి నేరం చేసినా సాక్ష్యం మిగల్చదు. నాబ్ ఎవరు తిప్పారో దాని మీద రాసి ఉండదు. మొదటిసారి వడియాల రోజు, తను పాలు పెట్టబోయి ఎండ పోతుందేమోనని పెరట్లోకి పరిగెత్తలేదూ? ఉగాది ముందురోజు వేణ్ణీళ్ళు పెట్టబోయింది ఎవరు? మూడోసారి సాయిప్రియ బొమ్మకి వేణ్ణీళ్ళు కావాలంటే, ఉండమ్మా పెడతానన్నది ఎవరు? ఆ మాట ఇప్పుడు తన గొంతుతోనే తనకి వినిపించింది. మనవరాలిని కాల్చేసేది కోడలు కాదు.

ఆవిడకి భయం వేసింది. చావంటే కాదు, తనంటే. వెంటనే లేచి చీపురు పుచ్చుకుని ముగ్గుపిండంతా ఊడ్చేసింది.

గురు, శుక్ర, శనివారాలు ఎవరికీ చెప్పలేదు. తన మీద తనే నిఘా పెట్టుకుంది. కుళాయి కట్టేశానా, గేదెకి కుడితి పెట్టానా, మందుబిళ్ళ వేసుకున్నానా అని ఒక్కో పనికీ నాలుగుసార్లు వెనక్కి తిరిగింది. చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఆదివారం అఖిల వెళ్ళిపోతుంది, కోడలిదే తప్పని ఊరు స్థిరపరుచుకుంటుంది, తన పరువు తన దగ్గరే ఉంటుంది. చెప్తే? మతిమరుపు మనిషి చేతికి ఎవరూ తాళాలివ్వరు, బేరానికి పిలవరు, పిల్లని ఎత్తుకోనివ్వరు. ఊరు మీద తను నలభై నాలుగేళ్ళు పెట్టిన చూపు తన మీదకి తిరుగుతుంది. అది ఎలా ఉంటుందో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు.

ఆదివారం తొమ్మిదింటికల్లా నాగేశ్వరరావుగారు కారు మాట్లాడుకుని దిగారు. వియ్యంకుడు వచ్చాడంటే ఏం జరుగుతుందోనని వెంకటలక్ష్మి, మరో నలుగురు ఆడవాళ్ళు ఊకపొయ్యి చూసే మిష మీద పెరట్లో చేరారు. రాజేష్ అరుగు మీద తలొంచుకుని కూర్చున్నాడు. లోపల గదిలో అఖిల పిల్ల గౌన్లు మడతపెట్టి సంచిలో సర్దుతోంది.

రత్నకుమారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. "అఖిలా, సర్దకమ్మా. గ్యాసు వదిలేసింది నేనే. మూడుసార్లూ నేనే." ముగ్గుపిండి సంగతంతా చెప్పేసింది. మధ్యలో ఆగితే ఇంక చెప్పలేనని గబగబా చెప్పింది.

కోడలు తిడుతుందనుకుంది. అన్నాను కదండీ అంటుందనుకుంది. అఖిల మంచం అంచున కూర్చుండిపోయింది.

"నేనే అనుకున్నానండీ."

"అదేంటమ్మా?"

అఖిల ఫోను తీసి చూపించింది. వేలితో జరుపుతుంటే వరసగా ఒకటే ఫొటో వస్తోంది. గ్యాసు పొయ్యి నాబ్, కట్టేసి ఉన్నది. ఒక్కోదాని మీదా తేదీ, టైము. పొద్దున ఆరున్నర, ఎనిమిదీ పది, పదింపావు. ఎంత జరిపినా అవే.

"రెండోసారి మీరన్నప్పటినుంచి తీసుకుంటున్నానండి. కట్టేసిన వెంటనే ఒకటి, గుమ్మం దాటాక వెనక్కొచ్చి ఇంకొకటి. అయినా మూడోసారి వాసన వచ్చింది కదండీ. ఫొటో తీశాక నేనే మళ్ళీ వెళ్ళి తిప్పానేమో అనిపించిందండి. మీరు ఎప్పుడూ ఊరికే అనరని ఊరంతా అంటారు కదా." కళ్ళు తుడుచుకుంది. "నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందండి. సాయిప్రియకి స్నానం చేయించాలన్నా భయమేస్తోంది. నాన్నకి ఊరి కబురు చేరిన మాట నిజమేగానీ, రమ్మన్నది నేనేనండి. మీమీద కోపంతో కాదు. పిల్లని మా అమ్మ దగ్గర వదిలేస్తే నా దగ్గర కంటే క్షేమంగా ఉంటుందని."

రత్నకుమారి తన జీవితంలో చాలామందిని అనుమానించింది. పాలవాళ్ళు ఎదురు తిరిగారు, కూలీలు తిట్టుకున్నారు, భర్త నవ్వేశాడు. ఆవిడ మాట నిజమని నమ్మి, తన మీద తను నమ్మకం పోగొట్టుకున్నది ఈ పిల్ల ఒక్కతే. సిగ్గుతో ఆవిడకి నిలబడ్డ నేల కూడా పరాయిదైపోయినట్టనిపించింది.

"తప్పైపోయిందమ్మా" అంది.

అఖిల తలెత్తి సూటిగా చూసింది. "నన్నన్నప్పుడు గుమ్మం నిండా జనం ఉన్నారండి అత్తయ్యగారూ. ఈ మాట మాత్రం తలుపేసి చెప్తున్నారు."

అందులో కోపం లేదు, న్యాయం ఉంది. అదే ఆవిడకి కష్టమైంది. రత్నకుమారి తలుపు తీసుకుని నడవ దాటి పెరట్లోకి వెళ్ళింది. వియ్యంకుణ్ణీ, కొడుకునీ అక్కడికే పిలిచింది.

"అన్నయ్యగారూ, మీరూ వినండి. వెంకటలక్ష్మిగారూ, మీరు అవతల చెప్పే మాట ఇక్కడే వినేసి వెళ్ళండి. ఆ రోజు నా కోడల్ని మీ అందరి ముందూ అన్నాను. దాని తప్పు ఇసుమంత కూడా లేదండి. గ్యాసు తిప్పి మర్చిపోయింది నేను. ఈ పొయ్యి వెలిగించి మర్చిపోతున్నదీ నేనే. నాకు గుర్తుండటం లేదండి."

రాజేష్ "అమ్మా" అని అడుగు ముందుకెయ్యబోయి ఆగిపోయాడు. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. "వయసు కదండీ, అందరికీ ఉండేదే" అంది ఒకావిడ, దగ్గరికి మాత్రం రాకుండా.

నాగేశ్వరరావుగారు గొంతు సవరించుకుని, గుమ్మంలో నిలబడ్డ కూతురి వైపు తిరిగారు. "సామాను కార్లో పెట్టమంటావా అమ్మా?"

"ఈ వారం రాలేను నాన్నా. రేపు అత్తయ్యగారిని ఏలూరు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించాలి" అంది అఖిల.

వియ్యంకుడికి కాఫీ అయినా ఇవ్వాలని రత్నకుమారి ఊకపొయ్యి ముందు గొంతుకూర్చుంది. కాగితం మడిచి కింది కన్నంలో పెట్టి, అగ్గిపెట్టె తెరిచింది. వెంకటలక్ష్మి పక్కకి వచ్చి వంగి, పసిపిల్ల చేతిలోంచి కత్తి తీసుకున్నంత మెత్తగా, ఆ అగ్గిపెట్టె ఆవిడ చేతిలోంచి తీసేసుకుంది.

"ఇలా ఇవ్వండి వదినగారూ. మనకెందుకండీ ఇవన్నీ ఇంక."

రత్నకుమారి చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. అందరూ చూస్తున్నారు.

అఖిల మెట్లు దిగి వచ్చింది. వెంకటలక్ష్మి దగ్గర అగ్గిపెట్టె అడిగి పుచ్చుకుని, తిరిగి అత్తగారి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. గోడవారనున్న పీట లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది.

"వెలిగించండి అత్తయ్యగారూ. ఆరిందాకా నేనిక్కడే ఉంటాను."